రైల్స్‌లో పేజీ ఏ వరుసలో తయారవుతుంది: లేఅవుట్, టెంప్లేట్, రెండర్ గురించి వివరంగా

మీరు నాలుగు విషయాలు అడిగారు. పుస్తకాల జాబితా నడిపే మీ రైల్స్ (రూబీ భాషలో వెబ్ అప్లికేషన్లు రాసే ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్‌లో ఒక్కో పేజీకి ఒక్కో టైటిల్ ఎలా పెట్టాలన్నది మొదటిది. నిర్వాహకుల పేజీలకు వేరే లేఅవుట్ (హెడర్, మెనూ వంటివి ఉండి పేజీని చుట్టి ఉండే చట్రం) ఎక్కడ చెప్పాలన్నది రెండోది. ఫారంలో తప్పులున్నప్పుడు ఎడిట్ పేజీని మళ్లీ రెండర్ చేస్తే (అంటే దాని హెచ్‌టీఎంఎల్‌ను తయారుచేయిస్తే) వర్గాల డ్రాప్‌డౌన్ దగ్గర ‘నిల్’ (రూబీలో విలువ లేదని చెప్పేది) ఎర్రర్ ఎందుకు వస్తోందన్నది మూడోది. జావాస్క్రిప్ట్‌తో తెచ్చి పాపప్‌లో పెట్టిన పేజీలో హెడర్, మెనూ రెండోసారి ఎందుకు కనిపిస్తున్నాయన్నది నాలుగోది. పైకి ఇవి వేరు వేరు సమస్యల్లా కనిపిస్తాయి గానీ, నాలుగింటికీ మూలం ఒక్కటే. రెండర్ అన్నప్పుడు రైల్స్ ఏ పని ముందు చేస్తుందో, ఏది తరువాత చేస్తుందో, ఏది అసలు చేయదో స్పష్టంగా తెలిస్తే ఈ నాలుగు ముడులూ వాటంతటవే విడిపోతాయి. అందుకే ముందు ఆ వరుసను చెప్పి, తరువాత మీ ప్రశ్నలకు వస్తాను.

బ్రౌజర్‌కు చేరిన హెచ్‌టీఎంఎల్‌ను మనం పైనుంచి కిందికి చదువుతాం కాబట్టి, సర్వర్ కూడా దాన్ని అదే వరుసలో రాస్తుందని, అంటే లేఅవుట్ మొదలై, మధ్యలో యీల్డ్ (లోపలి భాగం వచ్చి చేరే చోటు) దగ్గర ఆగి, టెంప్లేట్‌ను (ఆ పేజీకి ప్రత్యేకమైన భాగం రాసిన ఫైలును) నడిపి, మళ్లీ లేఅవుట్ కొనసాగుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది అది కాదు. రైల్స్ ముందుగా యాక్షన్‌కు (బ్రౌజర్ కోరికకు జవాబిచ్చే, కంట్రోలర్ అనే క్లాసులోని మెథడ్‌కు) చెందిన టెంప్లేట్‌ను మొదటి నుంచి చివరి దాకా నడిపి, వచ్చిన హెచ్‌టీఎంఎల్ మొత్తాన్ని ఒకచోట దాచిపెడుతుంది. ఆ పని పూర్తయ్యాకే లేఅవుట్ ఫైలును నడపడం మొదలుపెట్టి, అందులో పేరు లేని యీల్డ్ ఎక్కడ కనిపిస్తే అక్కడ దాచి ఉంచినదాన్ని తెచ్చి పెడుతుంది. డెవలప్‌మెంట్ లాగ్ తెరిచి చూస్తే ఇది కంటికే కనిపిస్తుంది: పుస్తకం పేజీ టెంప్లేట్ పూర్తయిందని చెప్పే లైను, లేఅవుట్ పూర్తయిందని చెప్పే లైనుకంటే పైన ఉంటుంది. పేజీ లోపలి నుంచి బయటికి తయారవుతుందన్న ఈ ఒక్క సంగతి గుర్తుంటే మీ మొదటి ప్రశ్నకు దాదాపు జవాబు దొరికినట్టే.

దాచిపెట్టే చోటు ఏమిటో కూడా చూద్దాం, ఎందుకంటే టైటిల్ రహస్యం అక్కడే ఉంది. రైల్స్‌లో పేజీలను తయారుచేసే భాగమైన యాక్షన్ వ్యూ లోపల ‘వ్యూ ఫ్లో’ అనే ఆబ్జెక్టు ఒకటి ఉంటుంది. అది లోపల ఒక హ్యాష్‌ను (పేరు, అంటే కీ, చెబితే విలువ ఇచ్చే పట్టికను) పెట్టుకుంటుంది. టెంప్లేట్ నడిచి వచ్చిన హెచ్‌టీఎంఎల్, ఆ హ్యాష్‌లో ‘లేఅవుట్’ అనే కీ కింద చేరుతుంది. మీరు టెంప్లేట్‌లో ‘కంటెంట్ ఫర్’ అని రాసి దానికి ‘టైటిల్’ అనే పేరు ఇస్తే, ఆ విలువ అదే హ్యాష్‌లో ‘టైటిల్’ అనే కీ కింద చేరుతుంది. తరువాత లేఅవుట్‌లో పేరు లేకుండా యీల్డ్ అంటే మొదటి కీ కింద ఉన్నది వస్తుంది, టైటిల్ అనే పేరుతో యీల్డ్ అంటే రెండో కీ కింద ఉన్నది వస్తుంది. కాబట్టి హెడ్ భాగం పేజీలో ఎంత పైన ఉన్నా, లేఅవుట్ దాన్ని రాసే సమయానికి టెంప్లేట్ ఎప్పుడో పూర్తయి ఉంటుంది. టైటిల్ సిద్ధంగా ఉంటుంది. ఇందుకోసం కంట్రోలర్‌లో ‘పేజీ టైటిల్’ అని ఒక ఇన్‌స్టాన్స్ వేరియబుల్ (@ గుర్తుతో మొదలయ్యే, వ్యూకు కూడా అందే వేరియబుల్) పెట్టి ప్రతి యాక్షన్‌లో దాన్ని నింపవలసిన అవసరం లేదు. టైటిల్ చూపుకు సంబంధించిన విషయం కనుక అది టెంప్లేట్ మొదటి లైనులో ఉండడమే మేలని నా అభిప్రాయం.

ఇక్కడ చాలామందిని ఇబ్బంది పెట్టే చిక్కు ఒకటుంది. టైటిల్ ఇవ్వని పేజీలకు సైటు పేరు చూపించాలని, లేఅవుట్‌లో టైటిల్ పేరుతో యీల్డ్ రాసి, దాని పక్కన ‘లేదా’ (||) గుర్తు పెట్టి సైటు పేరు రాస్తారు. అది ఎప్పటికీ పనిచేయదు. ఆ హ్యాష్‌లో లేని కీని అడిగితే నిల్ రాదు, ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. రూబీలో ఖాళీ స్ట్రింగ్ కూడా సత్యమే కాబట్టి ‘లేదా’ తరువాతి భాగం వరకు పని వెళ్లదు, టైటిల్ ఖాళీగా మిగులుతుంది. అదే చోట బ్లాకు ఇవ్వకుండా ‘కంటెంట్ ఫర్ టైటిల్’ అని పిలిస్తే ఖాళీ అయినప్పుడు నిల్ వస్తుంది, సైటు పేరు సరిగ్గా కనిపిస్తుంది. సైడ్‌బార్ వంటి పెద్ద భాగాలకైతే, దాన్ని చుట్టి ఉండే డివ్ కూడా అనవసరంగా రాకుండా, ప్రశ్నార్థకంతో ముగిసే ‘కంటెంట్ ఫర్?’ అనే పద్ధతితో ముందు ఉందో లేదో అడిగి, ఉంటేనే ఆ డివ్‌ను రాయండి. ఇంకొక సంగతి: ఒకే పేరుతో రెండుసార్లు కంటెంట్ ఫర్ పిలిస్తే రెండోది మొదటిదాన్ని చెరిపివేయదు, దాని వెనక అతుక్కుంటుంది. టెంప్లేట్‌లోనూ, అది పిలిచే పార్షియల్‌లోనూ (పేజీలో ఒక ముక్కకు రాసిన చిన్న టెంప్లేట్‌లోనూ) టైటిల్ ఇస్తే రెండు టైటిళ్లు కలిసిపోయి కనిపించేది అందుకే. పాతదాన్ని తీసివేయాలనుకుంటే ‘ఫ్లష్’ ఆప్షన్ ఉంది, కానీ దాని అవసరం పడిందంటే టైటిల్ ఇచ్చే చోట్లు ఎక్కువయ్యాయని అర్థం.

పుస్తకం పేరు వంటి వినియోగదారుల సమాచారాన్ని టైటిల్‌గా ఇచ్చేటప్పుడు భద్రత గురించి భయపడనక్కరలేదు. 2010లో వచ్చిన రైల్స్ 3 నుంచి వ్యూలలో చూపే స్ట్రింగులను ఫ్రేమ్‌వర్క్ తానే ఎస్కేప్ చేస్తుంది (అందులోని ట్యాగులు పనిచేయకుండా మామూలు అక్షరాలుగా మారుస్తుంది), కంటెంట్ ఫర్‌కు ఇచ్చిన స్ట్రింగుకు కూడా ఇదే వర్తిస్తుంది. టైటిల్‌లో వింత గుర్తులు కనిపిస్తున్నాయని ‘హెచ్‌టీఎంఎల్ సేఫ్’ తగిలించే అలవాటు మాత్రం దయచేసి చేసుకోకండి. అది ఉన్న రక్షణను చేతులారా తీసివేయడమే.

కంటెంట్ ఫర్‌కు ఫ్రాగ్మెంట్ క్యాష్‌తో (పేజీలోని ఒక ముక్క హెచ్‌టీఎంఎల్‌ను దాచి మళ్లీ వాడే పద్ధతితో) పొత్తు కుదరదు. క్యాష్ బ్లాకు లోపల కంటెంట్ ఫర్ రాస్తే, మొదటిసారి పేజీ తెరిచినప్పుడు అంతా బాగానే ఉంటుంది, ఎందుకంటే ఆ బ్లాకు నిజంగా నడుస్తుంది. రెండోసారి క్యాష్‌లోని హెచ్‌టీఎంఎల్ నేరుగా వస్తుంది, బ్లాకు నడవదు, కంటెంట్ ఫర్ పిలుపు జరగదు, టైటిల్ మాయమవుతుంది. డెవలప్‌మెంట్‌లో క్యాషింగ్ మామూలుగా ఆపి ఉంటుంది కాబట్టి ఈ లోపం ప్రొడక్షన్‌లో మాత్రమే బయటపడుతుంది, అది కూడా ఒకసారి కనిపించి ఒకసారి కనిపించకుండా ఏడిపిస్తుంది. టైటిల్ లైనును క్యాష్ బ్లాకుకు పైన, బయట ఉంచితే సరిపోతుంది.

నేను చెప్పిన వరుసకు మినహాయింపు ఒకటే, స్ట్రీమింగ్. 2011లో రైల్స్ 3.1తో వచ్చిన ‘స్ట్రీమ్’ ఆప్షన్ వాడితే లేఅవుట్ ముందు మొదలై, తయారైన భాగం తయారైనట్టే బ్రౌజర్‌కు వెళ్తుంది. లేఅవుట్ ఒక ఫైబర్‌లో (మధ్యలో ఆపి మళ్లీ కొనసాగించగల కోడ్‌లో) నడుస్తూ, యీల్డ్ ఎదురైన చోట ఆగి టెంప్లేట్‌ను నడవనిస్తుంది. అప్పుడు హెడ్‌లోని టైటిల్ కోసం లేఅవుట్ ఆగి ఎదురుచూడవలసి వస్తుంది. కంటెంట్ ఫర్ అయితే ఇంకా ఏమైనా అతుక్కుంటుందేమోనని టెంప్లేట్ చివరి దాకా ఆగుతుంది కాబట్టి, ‘ఇంతే, ఇక రాదు’ అని చెప్పే ‘ప్రొవైడ్’ అనే పద్ధతిని అక్కడ వాడాలి. మీ అప్లికేషన్‌కు స్ట్రీమింగ్ అవసరం ఉన్నట్టు మీ ప్రశ్నలో ఏమీ లేదు; ఇంతకు మించి దాని జోలికి పోనక్కరలేదు.

ఇక లేఅవుట్ ఎంపిక. మీరు ఏమీ చెప్పకపోతే, రైల్స్ లేఅవుట్స్ ఫోల్డర్‌లో కంట్రోలర్ పేరుతో ఉన్న ఫైలు కోసం వెతుకుతుంది. లేకపోతే ఆ కంట్రోలర్‌కు మాతృక అయిన కంట్రోలర్ పేరుతో, చివరికి ‘అప్లికేషన్’ పేరుతో ఉన్న ఫైలు దగ్గర ఆగుతుంది. దీన్ని బట్టి మీ నిర్వాహక కంట్రోలర్లన్నిటికీ ఒక ఉమ్మడి బేస్ కంట్రోలర్ పెట్టి, అందులో లేఅవుట్ పేరును ఒక్కసారి రాస్తే చాలు, కిందివన్నీ దాన్ని వారసత్వంగా పొందుతాయి. లాగిన్ తనిఖీ కూడా ఎలాగూ ఆ బేస్ కంట్రోలర్‌లోనే ఉండాలి కాబట్టి ఈ ఏర్పాటు రెండు విధాలా పనికొస్తుంది. అయితే అప్లికేషన్ కంట్రోలర్‌లో మాత్రం లేఅవుట్ పేరును స్పష్టంగా రాయకండి. అక్కడ ఒక పేరు రాసిన క్షణం నుంచి అన్ని కంట్రోలర్లూ ఆ పేరునే వారసత్వంగా తీసుకుంటాయి, ఫైలు పేరును బట్టి వెతికే పద్ధతి ఆగిపోతుంది. రేపు ఎవరో కొత్తగా పుస్తకాల కంట్రోలర్ పేరుతో లేఅవుట్ ఫైలు పెట్టి అది ఎందుకు రావడం లేదో తెలియక తలపట్టుకుంటారు. ఒకటి రెండు యాక్షన్లకే వేరే లేఅవుట్ కావాలంటే ఆ రెండర్ పిలుపులోనే లేఅవుట్ ఆప్షన్ ఇవ్వండి.

మీ నిర్వాహక పేజీలకు తేడా అంతా ఎడమ పక్క మెనూ ఒక్కటే అన్నారు. అలాంటప్పుడు అప్లికేషన్ లేఅవుట్‌ను పూర్తిగా కాపీ చేసి రెండో ఫైలు చేయడం నేను సిఫారసు చేయను. ఆరు నెలల తరువాత ఒకదానిలో స్టైల్‌షీట్ లైను మారుతుంది, రెండోదానిలో మారదు. దానికి బదులు లేఅవుట్‌లో లేఅవుట్ పెట్టండి. నిర్వాహక లేఅవుట్ ఫైలులో, ‘ప్రధాన భాగం’ అనే అర్థం వచ్చే ఏదో ఒక పేరుతో కంటెంట్ ఫర్ బ్లాకు తెరిచి, అందులో మెనూనూ, పేరు లేని యీల్డ్‌నూ ఉంచి, బ్లాకు ముగిశాక చివరి లైనులో అప్లికేషన్ లేఅవుట్‌ను ఒక మామూలు టెంప్లేట్‌గా రెండర్ చేయండి. అప్లికేషన్ లేఅవుట్‌లో, ఆ పేరుతో ఏదైనా చేరి ఉంటే దాన్ని, లేకపోతే మామూలు యీల్డ్‌ను చూపించమని రాయండి. టెంప్లేట్, నిర్వాహక లేఅవుట్, అప్లికేషన్ లేఅవుట్ ఒకదాని తరువాత ఒకటి అదే లోపలి నుంచి బయటి వరుసలో నడుస్తాయి, మూడూ అదే హ్యాష్‌ను పంచుకుంటాయి.

మీరు ఇంతకుముందు జాంగో (పైథాన్ భాషలోని ఇలాంటి ఫ్రేమ్‌వర్క్) వాడినట్టు రాశారు కాబట్టి ఒక పోలిక చెప్పాలి. అక్కడ పిల్ల టెంప్లేట్ తన మొదటి ట్యాగుగా ‘ఎక్స్‌టెండ్స్’ రాసి తన మాతృక ఎవరో తానే చెబుతుంది, బ్లాకుల బయట రాసినదేదీ పేజీలో కనిపించదు. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ అయిన లారవెల్‌లో టెంప్లేట్లకు వాడే బ్లేడ్‌లోని ఎక్స్‌టెండ్స్, సెక్షన్ పద్ధతి కూడా ఈ కోవకు చెందినదే. రైల్స్‌లో టెంప్లేట్‌కు తన లేఅవుట్ ఏదో తెలియదు. ఆ ఎంపిక కంట్రోలర్‌ది. అందువల్లే అదే టెంప్లేట్‌ను లేఅవుట్‌తోనూ, లేకుండానూ చూపడం ఇక్కడ తేలిక.

మూడో ప్రశ్న అసలైనది, మిగతావాటికంటే దీన్నే ఎక్కువ శ్రద్ధగా చదవమని కోరుతున్నాను. అప్‌డేట్ యాక్షన్‌లో సేవ్ విఫలమైనప్పుడు ‘రెండర్ ఎడిట్’ అని రాస్తే, ఎడిట్ యాక్షన్ నడుస్తుందని మీరు అనుకున్నారు. అది నడవదు. ఎడిట్ అనే పేరున్న టెంప్లేట్ ఫైలు మాత్రమే నడుస్తుంది. ఎడిట్ యాక్షన్‌లో మీరు వర్గాల జాబితాను ఇన్‌స్టాన్స్ వేరియబుల్‌లో పెట్టారు. అప్‌డేట్ యాక్షన్‌లో పెట్టలేదు. కంట్రోలర్‌లో ఉన్న ఇన్‌స్టాన్స్ వేరియబుళ్లనే రైల్స్ వ్యూకు అందజేస్తుంది, అక్కడ లేనిది వ్యూలో నిల్‌గా కనిపిస్తుంది, డ్రాప్‌డౌన్ తయారుచేసే హెల్పర్ (వ్యూలో వాడే సహాయక మెథడ్) ఆ నిల్ మీద ‘మ్యాప్’ పిలవబోయి ఎర్రర్ ఇస్తుంది. మీకు వచ్చిన సందేశంలో మ్యాప్ అన్న మాట ఉన్నది అందుకే.

దీనికి రీడైరెక్ట్ పరిష్కారం కాదు. రీడైరెక్ట్ అంటే బ్రౌజర్‌కు కొత్త చిరునామా చెప్పి మళ్లీ రమ్మనడం. వచ్చేది పూర్తిగా కొత్త రిక్వెస్టు, అందులో వాడుకరి టైపు చేసిన విలువలు ఉండవు, తప్పుల సందేశాలు ఉండవు. రెండర్ వాడడానికి కారణమే అవి పోకుండా ఉండడం. సరైన దారి ఏమిటంటే, వర్గాలను తెచ్చే పనిని ఒక ప్రైవేటు మెథడ్‌లో పెట్టి, న్యూ, ఎడిట్, క్రియేట్, అప్‌డేట్ నాలుగింటికీ ‘బిఫోర్ యాక్షన్’గా (యాక్షన్‌కు ముందు తానే నడిచే మెథడ్‌గా) ప్రకటించడం. సేవ్ సఫలమైనప్పుడు కూడా డేటాబేస్‌ను అనవసరంగా అడిగినట్టు అవుతుందని సందేహించకండి. డేటాబేస్ పనులు చూసే రైల్స్ భాగమైన యాక్టివ్ రికార్డ్‌లో ‘వర్గాలను పేరు వరుసలో ఇవ్వు’ అని రాసినంతమాత్రాన క్వెరీ నడవదు, వ్యూ ఆ జాబితాను చదవడం మొదలుపెట్టినప్పుడే నడుస్తుంది. సఫలమై రీడైరెక్ట్ అయిపోతే వ్యూ ఉండదు, క్వెరీ కూడా ఉండదు. ఆ మెథడ్ చివర జాబితాను అర్రేగా మార్చే పిలుపు లేకుండా చూసుకోండి చాలు.

అదే చోట స్టేటస్ కోడ్ (జవాబు ఎలాంటిదో బ్రౌజర్‌కు చెప్పే సంఖ్య) కూడా సరిచూసుకోవాలి. 2021 డిసెంబరులో వచ్చిన రైల్స్ 7 నుంచి కొత్త అప్లికేషన్లలో టర్బో (పేజీ మొత్తం మళ్లీ లోడ్ కాకుండా లింకులను, ఫారాలను నడిపే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ముందే అమరి వస్తుంది. టర్బో పంపిన ఫారానికి సర్వర్ 200 కోడ్‌తో మామూలు పేజీ ఇస్తే అది దాన్ని చూపించదు. రీడైరెక్ట్ కోసం చూస్తుంది, బ్రౌజర్ కన్సోల్‌లో ఎర్రర్ రాసి ఊరుకుంటుంది. వాడుకరికి బటన్ నొక్కినా ఏమీ జరగనట్టే ఉంటుంది. విఫలమైన ఫారాన్ని తిరిగి చూపేటప్పుడు రెండర్‌కు 422 స్టేటస్ (ఇచ్చిన సమాచారంలో తప్పులున్నాయని చెప్పేది) ఇవ్వాలి. తొలగింపు వంటి పనుల తరువాత రీడైరెక్ట్ చేసేటప్పుడు 303 ఇవ్వాలి, ఎందుకంటే 302 ఇస్తే బ్రౌజర్ ఫెచ్ (జావాస్క్రిప్ట్‌తో సర్వర్‌ను అడిగే సదుపాయం) కొత్త చిరునామాకు కూడా అదే డిలీట్ పద్ధతితో వెళ్తుంది. 303 అయితే గెట్‌గా మారుతుంది.

మీరు పంపిన కోడ్‌లో ఇంకొకటి గమనించాను. రెండర్ రాసిన తరువాత లైనులోనే, షరతు ఏదీ లేకుండా, జాబితా పేజీకి రీడైరెక్ట్ ఉంది. రెండర్ మెథడ్‌ను అక్కడితో ఆపదు. మిగిలిన లైన్లు యథావిధిగా నడుస్తాయి. రెండోసారి రెండర్ గానీ రీడైరెక్ట్ గానీ ఎదురైతే ‘డబుల్ రెండర్’ ఎర్రర్ వస్తుంది. ఇఫ్, ఎల్స్ రెండు కొమ్మలుగా రాయడం అన్నిటికంటే శుభ్రం. తనిఖీని వేరే మెథడ్‌లోకి తీసి అందులో ‘రిటర్న్’ రాస్తే ఆ మెథడ్ ఆగుతుంది గానీ దాన్ని పిలిచిన యాక్షన్ ఆగదు. అదే తనిఖీని బిఫోర్ యాక్షన్‌గా పెడితే, అందులో రెండర్ లేదా రీడైరెక్ట్ జరిగిన వెంటనే రైల్స్ తానే గొలుసును ఆపి, యాక్షన్‌ను నడపదు. ఈ ఒక్క కారణంతోనే అనుమతుల తనిఖీలన్నీ అక్కడే ఉండాలని నేను పట్టుబడతాను.

పాపప్‌లో మెనూ రెండోసారి రావడానికి కారణం ఇప్పటికే మీకు తట్టి ఉంటుంది. మీ జావాస్క్రిప్ట్ పుస్తకం పేజీ చిరునామాను ఫెచ్‌తో అడుగుతోంది. సర్వర్‌కు అది మామూలు పేజీ కోరికే, కాబట్టి టెంప్లేట్ తరువాత లేఅవుట్‌ను కూడా చుట్టి పంపుతోంది. మీరు ‘ఎక్స్‌హెచ్‌ఆర్?’ అని అడిగి అవునైతే లేఅవుట్ వద్దనే షరతు రాశారు, అది ఎప్పుడూ కాదనే చెబుతోంది. ఆ పద్ధతి ‘ఎక్స్ రిక్వెస్టెడ్ విత్’ అనే హెడర్‌ను చూసి జవాబిస్తుంది. పాత జావాస్క్రిప్ట్ లైబ్రరీ అయిన జేక్వెరీ ఆ హెడర్‌ను తానే పంపేది, ఫెచ్ పంపదు. హెడర్‌ను చేత్తో జతచేయవచ్చు, కానీ ఒకే చిరునామా ఒకసారి పూర్తి పేజీని, ఒకసారి ముక్కను ఇవ్వడం ప్రమాదమే: వాడుకరి వెనక్కి బటన్ నొక్కినప్పుడు బ్రౌజర్ తన క్యాష్‌లోంచి స్టైల్ ఏదీ లేని ఆ ముక్కను పూర్తి పేజీగా చూపే సందర్భాలు ఉంటాయి. ముక్కకు వేరే రూటు, వేరే యాక్షన్ ఇచ్చి, అందులో పార్షియల్‌ను రెండర్ చేయండి. కంట్రోలర్‌లో ‘పార్షియల్’ ఆప్షన్‌తో రెండర్ చేస్తే, మీరు అడిగితే తప్ప లేఅవుట్ చేరదు. అయితే ఆ ఆప్షన్ పేరును తప్పకుండా రాయండి: వ్యూ లోపల ఒట్టి పేరుతో రెండర్ అంటే పార్షియల్ అని అర్థం, కంట్రోలర్‌లో ఒట్టి పేరుతో రెండర్ అంటే లేఅవుట్‌తో సహా టెంప్లేట్ అని అర్థం.

టర్బో ఫ్రేమ్ (పేజీలో ఒక భాగాన్ని మాత్రమే విడిగా మార్చే టర్బో సదుపాయం) వాడితే ఈ పని ఇంకా తేలికవుతుంది, ఎందుకంటే ఫ్రేమ్ తన సొంత హెడర్ పంపుతుంది, దాన్ని చూసి టర్బో రైల్స్ జెమ్ (రూబీ లైబ్రరీ) తనదైన చిన్న లేఅవుట్‌ను ఎంచుకుంటుంది. కానీ మీ నిర్వాహక బేస్ కంట్రోలర్‌లో లేఅవుట్ పేరు రాయగానే ఆ ఎంపిక చెరిగిపోతుంది, ఫ్రేమ్ కోరికలకు కూడా పూర్తి లేఅవుట్ తయారవుతుంది. పేజీలో తేడా కనిపించదు, ఎందుకంటే టర్బో తనకు కావలసిన ఫ్రేమ్‌ను మాత్రమే ఏరుకుంటుంది. మెనూ కోసం నడిచే క్వెరీలన్నీ మాత్రం ప్రతిసారీ వృథాగా నడుస్తాయి. అక్కడ లేఅవుట్‌ను పేరుగా కాక ఒక మెథడ్‌గా ఇచ్చి, అది ఫ్రేమ్ కోరిక అయితే టర్బో లేఅవుట్ పేరును, కాకపోతే నిర్వాహక లేఅవుట్ పేరును తిరిగి ఇచ్చేలా రాయండి.

చివరగా మీ ఫారం పార్షియల్ గురించి. అది వర్గాల ఇన్‌స్టాన్స్ వేరియబుల్‌ను నేరుగా చదువుతోంది కాబట్టే లోపం అంత లోతుకు వెళ్లి హెల్పర్ లోపల పేలింది. పుస్తకాన్నీ, వర్గాలనూ లోకల్స్‌గా (పార్షియల్‌ను పిలిచేటప్పుడే ఇచ్చే విలువలుగా) పంపండి. 2023 అక్టోబరులో వచ్చిన రైల్స్ 7.1 నుంచి పార్షియల్ మొదటి లైనులో ఒక ప్రత్యేక వ్యాఖ్య రాసి, తనకు ఏ లోకల్స్ తప్పనిసరో ప్రకటించవచ్చు. ఏదైనా పంపడం మరిచిపోతే ఏ పేరు తక్కువైందో ఆ ఎర్రరే చెబుతుంది. లోకల్‌ను పంపి దాని విలువ నిల్ అయితే ఇది పట్టుకోదు, అందుకని బిఫోర్ యాక్షన్ అవసరం ఎలాగూ ఉంటుంది. ఇక జాబితా పేజీలో ఈచ్ లూప్ తిప్పుతూ ప్రతి పుస్తకానికి పార్షియల్‌ను విడిగా రెండర్ చేస్తున్నారు. దాన్ని ‘కలెక్షన్’ ఆప్షన్‌కు మార్చండి. టెంప్లేట్‌ను వెతికే పని పుస్తకానికి ఒకసారి కాక మొత్తానికి ఒకసారి జరుగుతుంది, ‘క్యాష్డ్’ ఆప్షన్ జతచేస్తే క్యాష్‌లోని ముక్కలన్నీ ఒకే పిలుపులో వస్తాయి, జాబితా ఖాళీగా ఉంటే రెండర్ నిల్ ఇస్తుంది కాబట్టి ‘పుస్తకాలు లేవు’ అన్న సందేశాన్ని పక్కనే ‘లేదా’ గుర్తుతో రాయవచ్చు. టైటిల్ దగ్గర పనిచేయని ఆ గుర్తు ఇక్కడ నిశ్చింతగా పనిచేస్తుంది.